ఇరుకు లంగా నేర్పిన పరుగు

పోయిన నెలలో మా చెల్లెలి కూతురు రేచలు వచ్చి మా ఇంట్లో వారం రోజులుంది. వ్యాయామ విద్య చదువుతోంది. మా రోజుల్లో డ్రిల్లు అంటే లెక్కలు రానివాళ్ళు ఊపిరి పీల్చుకోడానికి పెట్టిన గంట అనుకునేవాళ్ళు. ఇప్పుడు దానికీ పుస్తకాలున్నాయి, పరీక్షలున్నాయి. సంతోషమే. ఒకరోజు పొద్దున నేను పెసరట్లు వేస్తుంటే ఆ పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి నాకు పరుగు గురించి పాఠం మొదలుపెట్టింది. ఇద్దరు మనుషులు ఒకే దూరం ఒకే వేగంతో పరిగెత్తినా ఇద్దరికీ ఒక్కలాగే శక్తి ఖర్చు కాదట. పరిగెత్తే తీరులోనే ఉందట ఆ తేడా. తల పైకీ కిందకీ ఎగురుతుంటే ఆ ఎగిరినదంతా దండగట. పాదం ఒంటికి మరీ ముందుగా పడితే మనకి మనమే బ్రేకు వేసుకున్నట్టట. చేతులు అడ్డదిడ్డంగా ఊపితే నడుము మెలికలు తిరిగి అదొక నష్టమట.

"ఇదంతా నాకు తెలుసులేవే," అన్నాను అట్టు తిరగేస్తూ.

"నీకా? ఎవరు చెప్పారు పెద్దమ్మా?"

"నా లంగా చెప్పింది."

పగలబడి నవ్వింది. నా వంటింట్లో నిలబడి నా అట్టు తింటూ నన్ను చూసి నవ్వితే నేను ఊరుకునే మనిషిని కాదు. ఆ పూటే లంగా సంగతి చెప్పాను, కానీ అంతవరకే. అసలు చెప్పాల్సింది లంగా గురించి కాదు, మా నాయనమ్మ గురించి. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. బతికున్నన్నాళ్ళూ ఆవిడతో పోట్లాడాను గాని, ఒక్క మంచి మాట పూర్తిగా అనలేదు. అందుకని రేచలు వెళ్ళాక కూర్చుని ఇది రాస్తున్నాను.

మా అమ్మా నాన్నా ఇద్దరూ టీచర్లు. నాన్న నందిగామలో పనిచేసేవారు, అమ్మ చందర్లపాడు వైపు ఒక పల్లెటూళ్ళో. చంటిపిల్ల మా చెల్లెలు అమ్మ దగ్గరుండేది. నన్ను మాత్రం హైస్కూలు చదువుకి జగ్గయ్యపేటలో నాయనమ్మ దగ్గర పెట్టారు. శనివారం మధ్యాహ్నం నాన్న బస్సు దిగి వచ్చి నన్ను నందిగామ తీసుకెళ్ళేవారు. అమ్మ అక్కడికి వచ్చేది, ఆదివారం అందరం ఆరాధనకి వెళ్ళేవాళ్ళం, సోమవారం తెల్లవారుజామున మళ్ళీ నేను పేట బస్సెక్కేదాన్ని. నాయనమ్మ ఇల్లంటే ముందు రెండు నిట్రాళ్ళ వసారా, నాపరాళ్ళు పరిచిన ఒక గది, వెనక వంటకి ఒక పాక. ఆ నాపరాళ్ళు ఎండాకాలం కూడా వీపుకి చల్లగా తగిలేవి. పొద్దున్నే పత్తికట్టె పొగ, దాని వెనకే జొన్నరొట్టె కాలిన వాసన, ఆ తర్వాత ఆవిడ గొంతు. ఈ మూడూ ఎప్పుడూ అదే వరసలో నన్ను నిద్రలేపేవి. రొట్టెని ఆవిడ అరచేతుల మధ్య చరిచే చప్పుడు వింటూ ఇంకొంచెంసేపు కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని. అంతకంటే సుఖమైన నిద్ర తర్వాత ఏ పరుపు మీదా పట్టలేదు. నాయనమ్మ కూలిపనులకి వెళ్ళి నాన్నని చదివించిన మనిషి. ఇంట్లో గింజ ఎంతుందో, కట్టె ఎంతుందో, దీపంలో కిరసనాయిలు ఎంతుందో చూడకుండానే చెప్పేది. ఏదీ దండగ కాకూడదు. నీళ్ళు కూడా ముఖం కడిగినవి తోటకూర మడిలోకి పోవాలి.

అలాంటి ఇంట్లో పరుగు పిచ్చి ఉన్న పిల్లని పెడితే ఎలా ఉంటుంది? స్కూల్లో మా డ్రిల్లు మాస్టారు మిలిటరీలో పనిచేసి వచ్చినవారు. ఆడపిల్లల్ని కూడా గ్రౌండులోకి దింపాలని హెడ్మాస్టరుతో దెబ్బలాడి సాధించిన మనిషి, ఆ రుణం నేను మర్చిపోను. కానీ ఆయనకి తెలిసిన పరుగు కవాతులోంచి వచ్చిన పరుగు. మోకాలు నడుము దాకా లేవాలి, ఛాతీ ముందుకు పొడుచుకు రావాలి, అడుగు వీలైనంత దూరం వెయ్యాలి, పాదం నేలకేసి కొట్టాలి. "చప్పుడేదీ? నాకు చప్పుడు వినపడాలి! నేల అదరాలి!" అని అరిచేవారు. మేము అదరగొట్టేవాళ్ళం. దుమ్ము లేచి పక్కనున్న తరగతులవాళ్ళు కిటికీలు మూసుకునేవారు. అందరికంటే ఎక్కువ దుమ్ము లేపేదాన్ని నేనే. మొదటి చుట్టులో నన్ను పట్టుకోగలిగే పిల్ల లేదు. మూడో చుట్టుకి నాకంటే మా సైన్సు టీచరుగారు ముందుండేవారు, ఆవిడ గ్రౌండు దాటి ఇంటికి నడుచుకుంటూ వెళ్తుండేవారు.

ఇంటికొచ్చాక నా ఆకలి చూసి నాయనమ్మ గుండె బాదుకునేది. రాత్రికని చేసిన రొట్టెలు సాయంత్రానికే అయిపోయేవి. పుంటికూర పచ్చడి గిన్నె తుడిచినట్టయ్యేది. తిన్నాక దీపం ముందు పుస్తకం తెరిచి దాని మీదే పడి నిద్రపోయేదాన్ని. ఒకసారి జుట్టు దీపానికి తగిలి చుర్రుమంటే ఆవిడ కొంగుతో ఆర్పింది. ఆ శనివారం నాన్న రాగానే వసారాలోనే పంచాయితీ పెట్టింది.

"ఒరే అబ్బాయ్, నీ కూతురు పరిగెత్తొచ్చిన రోజున ఇల్లు తింటంది. తిననీలే, ఎదిగే పిల్ల. కానీ తిన్నది కాళ్ళల్లోకి పోవట్లా, కండలోకి పోవట్లా. ఆ గ్రౌండులో దుమ్ములో పోసి వస్తంది."

"అలాగేం కాదు నాన్నా. మాస్టారు నేనే ఫస్టంటున్నారు," అన్నాను.

"దేంట్లో?" అన్నారు నాన్న. "మొన్న తెలుగు పరీక్షలోనా?"

నాన్న మెత్తగా మాట్లాడే మనిషి. గట్టిగా తిట్టేవాళ్ళకి ఎదురు చెప్పచ్చు, ఆయనకి చెప్పడం కష్టం. నేను టీచరు ట్రైనింగు కాదు, కాలేజీ చదవాలని ఆయన ఆశ. మా చుట్టాల్లో ఏ ఆడపిల్లా కాలేజీ మెట్టు ఎక్కలేదు. ఆ రోజు ఆయన ఒకటే మాటన్నారు. "పరుగు వద్దనను. పరిగెత్తొచ్చిన రోజు కూడా మనిషివి మనిషిలా ఉండి, దీపం ముందు కూర్చోగలిగితే పరిగెత్తు. ఇలా సోలిపోయి వస్తే మాత్రం ఈ ఏటితో సరి. చుట్టుపక్కల స్కూళ్ళ పోటీలు మీ గ్రౌండులోనే గదా. ఆ రోజు వచ్చి నిన్ను చూస్తా. అప్పటిదాకా బందరు మాట ఎత్తొద్దు." ఆ పోటీల్లో మొదటి ఇద్దరిని బందరులో జిల్లా పోటీలకి పంపుతారు. నాకు అప్పట్లో నిద్రలోనూ మెలకువలోనూ బందరే.

సరిగ్గా అప్పుడే నేను పెద్దమనిషినయ్యాను. గౌన్లు ఎత్తి పెట్టెలో పడేసి నాయనమ్మ లంగా ఓణీ తెచ్చింది. పోటీ వస్తోంది, ఇదెక్కడి కర్మ అని ఏడ్చాను. "గ్రౌండుకి పోతే పో. లంగా లేకండా మాత్రం గడప దాటవు," అంది. సరే, ఆ లంగా అయినా అందరు ఆడపిల్లల లంగాల్లా కుచ్చిళ్ళు పోసుకుని ఉందా? లేదు. కుచ్చిళ్ళంటే గుడ్డ దండగ. నడుము చుట్టూ సరిపోయేంత గుడ్డ తీసుకుని, గోనెసంచిలా నిలువునా కుట్టింది. పొడుగు మాత్రం రెండేళ్ళకి సరిపడా పెట్టి, కింద పెద్ద మడత వేసి కుట్టింది. ఎదిగినకొద్దీ మడత విప్పుకోవచ్చని. ఆ ఇరుకు సంచీలో నాకు మామూలు నడకే కష్టమయ్యేది.

మొదటిరోజు గ్రౌండులో మాస్టారు నేర్పిన పెద్ద అడుగు ఒకటి వేశాను. లంగా పట్టేసింది. బోర్లా పడ్డాను. మోకాళ్ళు చీరుకుపోయాయి, మగపిల్లలు ఈలలు వేశారు. లేచి పౌరుషంగా మళ్ళీ మొదలుపెట్టాను గాని, ఈసారి అడుగు ముందుకు వెయ్యడానికి లేదు, మోకాలు పైకెత్తడానికి లేదు. నేల అదిరేలా కొడితే అంచు కాలికింద పడుతుంది. ఒక చేత్తో లంగా పట్టుకోవాలి, ఓణీ నడుముకి దోపుకోవాలి, కాబట్టి చేతులు గాలిలో ఊపడానికీ లేదు. చెయ్యగలిగింది ఒకటే. పాదాన్ని ఒంటి కిందే పడేసి వెంటనే తీసెయ్యడం. చిన్న అడుగులు, గబగబా. కోపంతో అలాగే ఒక చుట్టు తిరిగాను, రెండు చుట్లు తిరిగాను. మూడోది మొదలెట్టాక ఒక వింత గమనించాను. నేను ఏడుస్తున్నాను, ఏడుస్తూ లంగాని తిడుతున్నాను, పరిగెత్తుతూనే తిడుతున్నాను. అంటే తిట్టడానికి సరిపడా ఊపిరి ఇంకా నా దగ్గర ఉంది! అంతకుముందు మూడో చుట్టులో నా నోట్లోంచి మాట కాదు, ఉమ్మి కూడా వచ్చేది కాదు.

ఆ రాత్రి రొట్టె మిగిలింది. నాయనమ్మ ఆ రొట్టె వైపు చూసి, నా వైపు చూసి, వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఒళ్ళు వెచ్చగా లేదే. మరేందే, ఏమైంది? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఏం లేదు. కడుపు నిండింది."

"నీకా?" అని అనుమానంగా మిరియాల కషాయం కాచింది. తాగించిందాకా వదల్లేదు. ఆ కషాయం ఘాటుకి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే, ఆ దీపం ముందు కూర్చుని ఎప్పుడూ దాటలేకపోయిన పద్యం దాటి, దాని తర్వాతిది కూడా చదివాను.

డ్రిల్లు మాస్టారికి మాత్రం నా కొత్త పరుగు నచ్చలేదు. "ఏమ్మాయ్, నడుస్తున్నావా పరిగెత్తుతున్నావా? అసలు చప్పుడే లేదు," అన్నారు.

"అందరికంటే ముందొచ్చాను గదండీ మాస్టారూ."

"ముందు రావడం కాదమ్మా, కష్టం కనపడాలి."

"కష్టం కనపడాలంటే బండరాయి మోసుకుంటూ పరిగెత్తుతానండీ."

ఇంకో మాస్టారైతే చెవి మెలిపెట్టేవారు. ఆయన మీసం కింద నవ్వుకుని, మర్నాడు నా వెనకే కొంతదూరం పరిగెత్తి చూశారు. ఆ తర్వాత "చప్పుడు" అని మాత్రం నన్ను మళ్ళీ అడగలేదు.

ఆ పూట ఈ లంగా సంగతి చెబితే రేచలు వెంటనే పట్టుకుంది, "అయితే ఆడపిల్లలు లంగాలోనే పరిగెత్తాలంటావా పెద్దమ్మా?" అని. అదుగో, ఇలాంటి వంకర మాటలకే నేను ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎక్కడా చెప్పలేదు. ఎవరో ఒక పెద్దమనిషి దీన్ని పట్టుకుని, మన కట్టుబొట్టులో ఎంత శాస్త్రం ఉందో చూశారా అని సభలో చెప్పి చప్పట్లు కొట్టించుకుంటాడు. శాస్త్రం లేదు, నా బొంద లేదు. అది నన్ను కట్టెయ్యడానికి కుట్టిన గుడ్డ. నాయనమ్మ గుడ్డ ఆదా చేసింది, నా పరువు కాపాడాననుకుంది, నా పరుగు గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ ఇరుకులో నాకు దారి దొరికిందంటే అది నా కాళ్ళ గొప్ప. నాలాగే లంగా తట్టుకుని పడి, మళ్ళీ గ్రౌండుకి రాని పిల్లలు నా తరగతిలోనే ఉన్నారు. రేచలు నిక్కరు వేసుకుని, మంచి బూట్లు వేసుకుని, అడుగు ఎక్కడ పడాలో ఒక టీచరు దగ్గర చక్కగా నేర్చుకుంటోంది. ఎవరి ఒంటికి సరిపడే అడుగు వాళ్ళకి ఉంటుందనీ, దాన్ని బలవంతంగా మారిస్తే ఖర్చు ఇంకా పెరుగుతుందనీ కూడా వాళ్ళకి చెబుతారట. మాకు ఇవన్నీ పడి లేస్తే గాని తెలియలేదు. ఇప్పటి పద్ధతే మంచిది, అందులో నాకు వాదన లేదు. అయినా ఆ లంగా తలుచుకుంటే కోపం కంటే ముందు ఆ నుదుటి మీద చెయ్యే గుర్తుకొస్తుంది, ఏం చెయ్యను?

పోటీ శనివారం నాడు వచ్చింది. పొద్దున్నే మాస్టారు నన్ను పిలిచి ఒక పొట్లం చేతిలో పెట్టారు. వాళ్ళావిడ నా కోసం తెల్లగుడ్డతో పైజామా కుట్టింది. "ఇవాళన్నా కాళ్ళు విప్పుకుని పరిగెత్తమ్మా," అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ పైజామా వేసుకుని, పైన పొడుగు జాకెట్టు వేసుకుని నిలబడితే నా కాళ్ళు నావిలా అనిపించలేదు. ఆడపిల్లలకి గ్రౌండు చుట్టూ మూడు చుట్లు పెట్టారు. ఈల వెయ్యగానే ఎగిరాను. ఎన్ని వారాలుగానో కట్టేసిన కాళ్ళాయె. బారలు బారలుగా అడుగులు వేశాను, నేల అదరగొట్టాను, మొదటి చుట్టు అయ్యేసరికి నా వెనక ఎవరూ కనపడలేదు. రెండో చుట్టు సగంలో తొడలు సీసంలా అయిపోయాయి. గొంతు ఎండిపోయింది. నందిగామ నుంచి వచ్చిన పొడుగాటి పిల్ల ఒకతి, జడలు పైకి కట్టుకుని, నా పక్కనుంచి ఏదో బజారుకి పోతున్నట్టు దాటిపోయింది. ఆ వెనకే ఇంకో ఇద్దరి పాదాలు వినపడ్డాయి. బందరు పోయింది, నాన్న ఇవాళే వస్తున్నారు, నేను మళ్ళీ సోలిపోయాను అనుకున్నాను. అప్పుడు నాకు నేనే కాళ్ళకి లంగా కట్టుకున్నాను. లేని అంచు కాలికింద పడకుండా చూసుకుంటున్నట్టు, అడుగు చిన్నది చేశాను. పాదం ఒంటి కిందకి తెచ్చుకున్నాను. చేతులు దగ్గరికి తీసుకున్నాను. ఊపిరి మెల్లిగా దారికొచ్చింది. ఆ పొడుగాటి పిల్ల నాకు అందలేదు. మిగతా ఇద్దరికీ నేను అందలేదు. రెండోదాన్నయ్యాను, బందరు జాబితాలో పడ్డాను.

కానీ జాబితాలో పడితే చాలదు, నాన్నకి కనపడాలి. దండగ చేసిన ఆ ఒకటిన్నర చుట్టు నా ఒంట్లో అలాగే కూర్చుంది. ఇంట్లో చేసిన రొట్టెలన్నీ ఒక్కదాన్నే తినేసేంత ఆకలి. లంగా మళ్ళీ కట్టుకుని ఇంటికెళ్ళేసరికి బస్సు ఆలస్యమై నాన్న అప్పుడే వచ్చి వసారాలో గొడుగు పెడుతున్నారు. పరుగు చూడనే లేదు. "ఏమైందమ్మా?" అన్నారు. "రెండో స్థానం నాన్నా," అని తిన్నగా నిలబడ్డాను, ఇప్పుడే నిద్రలేచి వచ్చినట్టు. ఇంట్లోంచి వరన్నం ఉడికిన వాసన, దాంతోపాటు కోడికూర వాసన వచ్చింది. ఆ ఇంట్లో తెల్లన్నం పండగలకే. కోడి సంగతి చెప్పనక్కర్లేదు. దొడ్డి వైపు చూస్తే గుడ్లు పెట్టే ఎర్రపెట్ట లేదు.

పీటలు వేసింది. నాన్న కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. మా నాన్న భోజనం ముందు ప్రార్థనలో చుట్టాలందరి పేర్లూ వస్తాయి, వర్షాలు వస్తాయి, ప్రభుత్వం వాళ్ళకి మంచి బుద్ధి రావాలని కూడా వస్తుంది. నేను ఆ కూర వాసన ముందు కూర్చుని, దేవుడా, నాకు ఆకలి లేనట్టు కనపడేలా చెయ్యి అని నా ప్రార్థన నేను చేసుకున్నాను. ఆమెన్ అన్నాక నాలుగు మెతుకులు కలుపుకుని మర్యాదగా తిన్నాను. నాన్న చూస్తూనే ఉన్నారు.

"తినవేందే?" అంది నాయనమ్మ.

"చాలు నాయనమ్మా."

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసింది. "చాలా? మరి నేనెవరికోసం కోశానే పెట్టని? రోజూ ఇల్లు తింటావు, వండినరోజున చాలంటావా?"

నేను నాన్న వైపు చూశాను. ఆ చూపు ఆవిడ పట్టేసింది. కొడుకు వైపు తిరిగింది. "ఒరే, నువ్వు దాని నోటి వంక చూడబాక. తినే పిల్లని చూస్తా కూర్చుంటారంట్రా ఎవరన్నా? ఇది పరిగెత్తినందుకు పెట్టేది కాదు, ఓడినా పెడుదును. నా మనవరాలు, నేను పెడతన్నా. నువ్వు నీ కంచంలో చూసుకో."

నాన్న నిజంగానే కంచంలోకి చూసుకున్నారు. ఇన్నాళ్ళూ నా తిండి మీద ఫిర్యాదు చేసింది ఈవిడేనా అనుకున్నాను. ఇంక ఆగలేదు. తిన్నాను. రెండోసారి పెట్టించుకుని తిన్నాను, కాలి ముక్క ఆవిడ తన గిన్నెలోంచి తీసి వేస్తే అదీ తిన్నాను. తింటూ తింటూ, అయిపోయింది, నాన్నకి జవాబు దొరికింది, ఇంక పరుగు లేదు అనుకున్నాను. అనుకుంటూనే వేళ్ళు నాక్కున్నాను.

అప్పుడు నాన్న బయటికి చూసి, "అయ్యో, బస్సు!" అన్నారు. ఆ ప్రార్థనా ఈ భోజనమూ కలిసి పొద్దు మింగేశాయి. నందిగామకి అదే ఆఖరి బస్సు. దాని హారను వీధి చివర వినపడుతూనే ఉంది. సంచి నేను తీసుకున్నాను, గొడుగు నాన్న తీసుకున్నారు, పరుగు మొదలుపెట్టాం. అప్పటిదాకా మా నాన్న పరిగెత్తగా నేను చూడలేదు. ఆయన ఒక చేత్తో పంచె పైకెత్తి పట్టుకుని, మోకాళ్ళు ఎగరేస్తూ, చెప్పులు టపటపలాడిస్తూ, గొడుగు అడ్డంగా ఊపుతూ పరిగెత్తారు. డ్రిల్లు మాస్టారు చూస్తే ఎంత మెచ్చుకునేవారో! నాలుగిళ్ళు దాటేసరికి ఆయన ఊపిరి నాకు వినపడింది. "నువ్వు పోమ్మా, బస్సు ఆపు," అన్నారు, అనలేక అన్నారు. నేను సంచి చంకలో పెట్టుకుని, కడుపు నిండా కోడికూరతో, ఆ ఇరుకు లంగాలో చిన్న అడుగులు వేసుకుంటూ బజారు మొత్తం దాటి, కదులుతున్న బస్సు మెట్టెక్కి నిలబడ్డాను.

"లోపలికన్నా పో, కిందకన్నా దిగు అమ్మాయ్. మెట్టు మీద నిలబడతావేంది?" అన్నాడు కండక్టరు.

"మా నాన్నగారు వస్తున్నారండీ. ఒక్క నిమిషం ఆపించండి."

"ఎక్కడా?"

"అదుగోనండీ, గొడుగాయన."

కండక్టరు కళ్ళు చికిలించి చూశాడు. "ఆయన ఈ బస్సుకే వస్తన్నాడా, రేపటి బస్సుకా?"

బస్సంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఆయన టీచరనీ, ఈ రోడ్డు మీద సగం ఊళ్ళలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళున్నారనీ, ముందు టికెట్లు సరిగ్గా చింపడం నేర్చుకుని తర్వాత పెద్దవాళ్ళని వెక్కిరించాలనీ, ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. నేను చెప్పడం ముగించేసరికి నాన్న వచ్చేశారు. కండక్టరే చెయ్యిచ్చి ఎక్కించాడు. "మాస్టారూ, మీ అమ్మాయి నోరు బస్సు కంటే గట్టిది," అన్నాడు.

నాన్న సీట్లో కూలబడ్డారు. మొహం ఎర్రగా కందిపోయింది, చొక్కా తడిసి ముద్దయింది. మాట్లాడబోయి, మాట రాక, చెయ్యి అడ్డంగా ఊపి ఊరుకున్నారు. నేను పక్కన కూర్చుని ఓణీతో ఆయనకి విసిరాను. బస్సు చిల్లకల్లు దాటి పెద్దరోడ్డెక్కిన చాలాసేపటికి గాని ఆయన ఊపిరి సర్దుకోలేదు. కిటికీలోంచి పత్తిచేల మీది గాలి వస్తోంది. నా వైపు తిరిగి నా మొహం కాసేపు పరీక్షగా చూశారు, పరీక్ష పేపరు దిద్దేటప్పుడు చూసినట్టు.

"బందరుకి మీతో ఆడటీచరు ఎవరన్నా వస్తున్నారా?" అన్నారు.

"లేదు నాన్నా. డ్రిల్లు మాస్టారొక్కరే."

ఆయన గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నారు.

"అయితే నాయనమ్మని తోడు తీసుకెళ్ళు. ఆవిడ కూడా సముద్రం చూడలేదు."